ఏ పెట్టెలో ఎక్కాలమ్మా?

ఓళిగల డబ్బాకు మూత బిగించి, చెనిక్కాయల పొడి సీసాకు కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేస్తూంటే మా చిన్నమ్మాయి ఓ ప్రశ్న వేసింది.

"అమ్మా, రిజర్వేషను దొరకలేదు కదా! ఆడవాళ్ళ పెట్టెలో ఎక్కేదా, మామూలు జనరల్ పెట్టెలో ఎక్కేదా?"

ఎంత చిన్న ప్రశ్న! ఉప్పు ఎంత వెయ్యాలి అని అడిగినంత మామూలుగా అడిగింది. నాకు మాత్రం రబ్బరు బ్యాండు చేతిలోనే ఉండిపోయింది. జవాబు తట్టలేదు.

మాది హిందూపురం. పుట్టిల్లు ధర్మవరం. మా అక్కను ఇచ్చింది పెనుకొండ. మూడూ ఒకే రైలు దారి మీద ఉన్న ఊళ్ళు. పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ, పండగలకీ, ఆసుపత్రులకీ ఈ దారి మీదే మా బతుకంతా నడిచింది. మా చిన్నమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. రెండు వారాలకోసారి వస్తుంది, ఆదివారం సాయంత్రం వెళ్ళిపోతుంది. దాని వెనకాలే నా ప్రాణమూ వెళ్ళి, అది "దిగినానమ్మా" అని ఫోను చేశాక మళ్ళీ ఇంటికొస్తుంది!

ఇదే ప్రశ్న నేను పెళ్ళికాకముందు మా అమ్మను అడిగేదాన్ని. అమ్మ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఆడోళ్ళ పెట్టె ఎక్కు. ఇంగ ఏ పెట్టె మొగమూ చూడగాకు" అనేది. పట్టుచీరల మూట చంకలో పెట్టుకుని మా చిన్నమ్మా, పక్కింటి వదినా అందరూ ఆ పెట్టెలోనే వెళ్ళొచ్చేవాళ్ళు. ఎవరిదో పసిబిడ్డ ఎవరి ఒళ్ళోనో నిద్రపోయేది. ఒకరి సద్దిమూటలో చిత్రాన్నం మరొకరి చేతిలోకి వచ్చేది. ఆడవాళ్ళ పెట్టె అంటే పుట్టింట్లో వంటింటి గడప ఎక్కినట్టే ఉండేది మాకు. నా పెద్దమ్మాయికీ నేను అదే మాట చెప్పి పెంచాను.

2012 మే 22 తెల్లవారుజామున అక్క ఫోను చేసింది. హుబ్లీ నుంచి బెంగళూరు వెళ్ళే హంపీ ఎక్స్‌ప్రెస్ పెనుకొండ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సుబండిని గుద్దేసింది. పాతికమంది దాకా పోయారు. ఇంజను వెనకే ఉన్న పెట్టె నుజ్జయి, మంటల్లో కాలిపోయింది. ఆ పెట్టెలో ఆడవాళ్ళ భాగం కూడా ఉంది. కూలికీ, పనులకీ బెంగళూరు వెళుతున్న బీదాబిక్కీ ఎక్కువ అందులో.

మా బావ ఇంట్లో ఉన్న బిందెలన్నీ నీళ్ళతో నింపుకుని స్టేషనుకు పరిగెత్తాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి, పెరట్లో కూర్చుని ఎవరితోనూ మాట్లాడలేదట. రెండు రోజులు అన్నం సహించలేదట. మా అమ్మ అప్పటికి బతికే ఉంది. టీవీలో చూస్తూ కూర్చుంది. ఆ రోజు తరవాత ఆవిడ నోట "ఆడోళ్ళ పెట్టె ఎక్కు" అన్న మాట నేను మళ్ళీ వినలేదు.

చూడండి, మన భయాలు ఎలాంటివో! మగవాళ్ళ చూపులకు భయపడి ఆడవాళ్ళ పెట్టె ఎక్కుతాం. ఆ పెట్టె చాలా బండ్లలో మొదట్లోనో, చివర్లోనో ఉంటుంది. బండి ఢీకొంటే మొదట దెబ్బ తగిలేది ఆ చివరి పెట్టెలకే. ఒక భయం నుంచి తప్పించుకోబోయి ఇంకో భయంలోకి ఎక్కుతున్నామన్నమాట. ఇన్నేళ్ళూ నాకీ ఆలోచనే రాలేదు!

అది మొదలు. ఆ తరవాత మా మూడూళ్ళ మధ్య జరిగినవి తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. 2013 డిసెంబరు 28న బెంగళూరు నుంచి నాందేడ్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌లో కొత్తచెరువు దగ్గర ఏసీ పెట్టె అంటుకుని 26 మంది పోయారు. అందరూ గాఢనిద్రలో ఉన్న వేళ. 2015 జనవరిలో మడకశిర నుంచి పెనుకొండ వస్తున్న పల్లెవెలుగు బస్సు లోయలో పడింది. చదువుకోడానికి బయల్దేరిన పిల్లలు చాలామంది ఇళ్ళకు తిరిగి రాలేదు. అదే ఏడు ఆగస్టు 24న పెనుకొండ దగ్గర లెవెల్ క్రాసింగు వద్ద గ్రానైటు రాళ్ళ లారీ ఒకటి వెళుతున్న నాందేడ్ ఎక్స్‌ప్రెస్‌ను గుద్దింది. అందులో ప్రయాణిస్తున్న కర్ణాటక ఎమ్మెల్యే ఒకాయన చనిపోయారు. దేవదుర్గ శాసనసభ్యుడు వెంకటేశ్ నాయక్. అంతకుముందు రాయచూరు ఎంపీగా కూడా పనిచేసినవారు. మరికొందరు ప్రయాణికులూ పోయారు.

ఆ వార్త చదివినప్పుడు మావారు పేపరు మడిచి, "ఎమ్మెల్యే అయితేనేం, ఎవరైతేనేం? పట్టాలకు తెలుస్తుందా?" అన్నారు. నిజమే. చట్టాలు చేసే సభలో కూర్చునే మనిషీ, సంచీలో ఓళిగలు పెట్టుకున్న మన పిల్లా ఒకే బండిలో పోతారు. ఒకే గేటు మీద ఇద్దరి ప్రాణాలూ ఆధారపడి ఉంటాయి.

2022 జూన్ 30న మా ధర్మవరం దగ్గర తాడిమర్రి మండలంలో కూలి పనికి వెళుతున్న ఆడవాళ్ళ ఆటో మీద కరెంటు తీగ తెగిపడింది. ఐదుగురు సజీవంగా కాలిపోయారు. పొద్దున్నే ఇంట్లో ఇంత వండిపెట్టి బయల్దేరినవాళ్ళే! అన్నం గిన్నె మీద మూత అలాగే ఉండి ఉంటుంది కదా అని ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

ఇవన్నీ విన్నాక మనం ఏమంటాం? "ఖర్మ" అంటాం. "రాసిపెట్టి ఉంది" అంటాం. మా నాయన మాత్రం అలా అననిచ్చేవాడు కాదు.

మా నాయన వయసులో ఉండగా ధర్మవరంలో ఓ ప్రైవేటు బస్సుకు టికెట్లు రాసే గుమాస్తా. అప్పట్లో బస్సు నిండితేనే కదిలేదట. పది గంటల బస్సు పన్నెండుకు బయల్దేరినా అడిగే దిక్కు లేదు. టాపు మీద మూటలతో పాటు మనుషులూ! "లోపల ఎంతమందో, పైన ఎంతమందో రాసే నాకే తెల్దు" అని నవ్వుతూ చెప్పేవాడు. ఆ నవ్వులోనే కొంచెం సిగ్గు కూడా ఉండేది.

ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ 1958 జనవరి 11న ఏర్పడింది. హైదరాబాదులో నిజాం కాలంలో, 1932లో, 27 బస్సులతో మొదలైన రవాణా శాఖే దానికి మూలం. ఆర్టీసీ పుట్టినప్పుడు ముఖ్యమంత్రి మా అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి, నీలం సంజీవరెడ్డి గారు. ప్రైవేటు బస్సు రూట్లను ఒక్కో జిల్లాలో ప్రభుత్వమే తీసుకోవడం మొదలైంది. ఆ క్రమంలో కర్నూలు జిల్లా రూట్ల దగ్గర పెద్ద గొడవైంది. రాజకీయ కక్షతోనే తమ జిల్లాను ముందుకు జరిపారని బస్సుల యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ముఖ్యమంత్రి ఆ ఆరోపణను స్వయంగా ప్రమాణపత్రం వేసి ఖండించలేదని కోర్టు తప్పుపట్టి, ఆ పథకాన్ని కొట్టేసింది. దాంతో 1964లో సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు.

"బస్సు రూట్ల మాటకు ఒక ముఖ్యమంత్రి కుర్చీ దిగినాడమ్మా" అని మా నాయన ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో! ఆయన ప్రైవేటు బస్సు ఉప్పు తిన్నవాడు. అయినా రెండు వైపులా చెప్పేవాడు. "రూట్లు తీసుకునేది మంచిదే. అయితే న్యాయంగా తీసుకోవల్ల. అడిగితే జవాబు చెప్పవల్ల" అనేవాడు.

దీనికి ఇంకో తమాషా ముడి ఉంది. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయి వందమందికి పైగా పోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇస్తే నెహ్రూ గారు ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాట అరియలూరు దగ్గర మరో ఘోరం. ఈసారి శాస్త్రి గారు పట్టుబట్టి తప్పుకున్నారు. ఆ శాస్త్రి గారే 1964లో ప్రధానమంత్రి అయ్యాక, బస్సు రూట్ల తీర్పుతో పదవి వదిలిన సంజీవరెడ్డి గారిని కేంద్ర మంత్రివర్గంలోకి తీసుకున్నారు. తరవాత 1966లో, ఇందిరాగాంధీ గారి మంత్రివర్గంలో, సంజీవరెడ్డి గారు రవాణా శాఖనే చూశారు. 1967లో లోక్‌సభకు ఎక్కడ నుంచి గెలిచారో తెలుసా? మా హిందూపురం నుంచే! ఆ తరవాత స్పీకరయ్యారు. నేను పుట్టింది కూడా ఆ ఏడే. అందుకే నాయనకు ఆ సంవత్సరం బాగా గుర్తు.

అయితే నిజం చెప్పొద్దూ! పెద్దవాళ్ళ రాజీనామాలు గొప్పవే కానీ, వాటితో మన వీధి మలుపు బాగుపడదు. ఆ సంగతి నాకు స్వయంగా తెలిసొచ్చింది.

మా ఇంటికి దగ్గర్లో బడి ఉంది. బడి ముందు ఓ మలుపు. పొద్దున్నే బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళే ఆడపిల్లల ఆటోలు, ఇసుక ట్రాక్టర్లు, కాలేజీ బైకులు అన్నీ ఆ మలుపులోనే దూకుతాయి. ఒకసారి మా ఎదురింటి జేజిని బైకు తగిలి తుంటి విరిగింది. మా వీధి ఆడవాళ్ళం ఏడుగురం కలిసి ఓ అర్జీ రాశాం. "మా వీధిలో ప్రమాదాలు ఎక్కువగా జరుగుచున్నవి. కావున తగు చర్యలు తీసుకొనగలరని ప్రార్థన." మావారే డిక్టేషను! ఒక ఆఫీసులో ఇచ్చాం. తీసుకుని, మందపాటి కాగితాల దొంతర మీద పెట్టారు. మళ్ళీ దాని మొహం చూసినవాళ్ళు లేరు.

ఆరు నెలలు చూసి, మా ప్రాంతానికి వచ్చిన ఒక ప్రజాప్రతినిధి దగ్గరికి వెళ్ళాం. ఆయన మా కాగితం చదివి తలెత్తాడు. "ఏ మలుపమ్మా? ఏ టైములో? ఎన్ని జరిగినాయి?" అన్నాడు. మేం ఏడుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. జేజి సంగతి తప్ప ఒక్క తేదీ నోటికి రాలేదు. "ఇట్లైతే నేనూ అడగలేను. లెక్క తీసుకురాండి" అన్నాడు. కోపం వచ్చింది కానీ, ఇంటికొచ్చాక ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పేముంది? పాలవాడికి నెలాఖరుకు లెక్క లేకుండా ఒక్క రూపాయి ఇస్తామా మనం?

అంతే! నా పాల లెక్కల నోటుపుస్తకం తిరగేసి, వెనక పేజీ నుంచి రాయడం మొదలుపెట్టాను. పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా వంతులవారీగా కాపలా. ఒకరు చారు పోపు పెట్టుకునే టైముకు ఇంకొకరు అరుగు మీదకు వచ్చేవాళ్ళు. ముగ్గురెక్కాల్సిన ఆటోలో ఎంతమంది ఉన్నారు, ఎవరు జారిపడ్డారు, ఏ తేదీ, ఎన్ని గంటలు... నెల రోజులు రాశాం. ఒక ఆటోలో పదకొండుమందిని లెక్కపెట్టాను, డ్రైవరు కాకుండా! ఆ నెలలోనే నాలుగు సార్లు ఎవరో ఒకరు పడ్డారు.

ఆ లెక్క తీసుకెళ్ళాక కాగితం కదిలింది. ఏడు నెలలకు బడికి అటూ ఇటూ రెండు స్పీడు బ్రేకర్లు వేశారు. మా ఆనందం చూడాలి! వీధంతా పాయసం పంచుకున్నాం. కానీ వాటికి తెల్ల చారలు వెయ్యలేదు. ఆ రాత్రే మావారూ నేనూ సినిమా చూసి స్కూటరు మీద వస్తూ, చీకట్లో ఆ ఎత్తు కనపడక ఇద్దరం దబ్బున పడ్డాం. మావారు మోకాలు తుడుచుకుంటూ, "నీ అర్జీ మీదే పడినాం కదే!" అన్నారు. నొప్పిలోనూ నవ్వాగలేదు. మర్నాడు అదే నోటుపుస్తకంలో తేదీ, టైము, మా ఇద్దరి మోకాళ్ళూ రాసి మళ్ళీ పంపించాను. పది రోజుల్లో చారలు పడ్డాయి.

అప్పటినుంచి నాకు తెలిసిన నాలుగు ముక్కలు మీకూ చెబుతాను. మన డబ్బాల అలమరలో ఏది ఎక్కడుందో తెలిసినట్టే, ఏ పని ఎవరిదో తెలిసి ఉండాలి. రైలు, జాతీయ రహదారి కేంద్రం చేతిలోవి, కాబట్టి అవి ఎంపీకి రాయాలి. ఆర్టీసీ, ఇతర పెద్ద రోడ్లు రాష్ట్రానివి, కాబట్టి అవి ఎమ్మెల్యేకు. ఎమ్మెల్యే సభలో ప్రశ్న వేస్తే మంత్రి జవాబు చెప్పాలి, అది రికార్డులోకి ఎక్కుతుంది. కలెక్టరేటులో సోమవారాల అర్జీల సంగతి మీకు తెలిసిందే. ఎవరికిచ్చినా స్థలం, టైము, తేదీ, లెక్క ఉండాలి. ఒక నకలు మన దగ్గరుండాలి.

ఇంకో సంగతి చాలామంది ఆడవాళ్ళకు తెలియదు. 1989 నాటి రైల్వే చట్టం ప్రకారం, మగతోడు లేని ఆడమనిషి దగ్గర టికెట్టు లేకపోయినా ఆమెను రాత్రిపూట బండిలోంచి దింపడానికి వీల్లేదు. ఆమె ఎక్కిన స్టేషనులోనో, జంక్షనులోనో, బండి ఆఖరి స్టేషనులోనో, జిల్లా కేంద్రంలోనో, అదీ పగలే దింపాలి. టికెట్టు కొనొద్దని కాదు నేను చెప్పేది! పర్సు పోయిన రాత్రి ఈ మాట గుర్తుంటే గుండె దిటవుగా ఉంటుంది. రైలు ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి పరిహారం 2017 జనవరి నుంచి 8 లక్షలు. దానికి రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఏడాదిలోపు దరఖాస్తు వెయ్యాలి. రోడ్డు ప్రమాదంలో గాయపడితే, 2025 మేలో వచ్చిన పథకం కింద, గుర్తించిన ఆసుపత్రుల్లో లక్షన్నర దాకా, ఏడు రోజుల వైద్యం డబ్బు కట్టకుండా చెయ్యాలి. పడినవాళ్ళను ఆసుపత్రికి చేర్చినవాళ్ళను వేధించకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చారు. కాబట్టి పోలీసు గొడవకు భయపడి మొహం తిప్పుకోకండి.

2025 ఆగస్టు 15న మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక నేనూ ధర్మవరం వెళ్ళొచ్చాను. ఆధార్ చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు ఇచ్చాడు. పక్కావిడ దాన్ని నలిపి కిటికీలోంచి పారెయ్యబోతే ఆపాను. "దాపెట్టుకో వదినా. రేపు ఏదన్నా అయితే ఈ బస్సులో నువ్వు ఉన్నట్టు అదే సాక్ష్యం" అన్నాను. ఆవిడ "మంచి మాట అంటే పోదా!" అంటూనే టికెట్టును రవికలో పెట్టుకుంది.

ఏసీ బస్సెక్కితే మాత్రం నేను మొదట చూసేది సీటు కాదు, అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందని! 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాదు వెళుతున్న బస్సు పాలెం దగ్గర కాలిపోయి 45 మంది పోయారు. పన్నెండేళ్ళ తరవాత, 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర మళ్ళీ అదే ఘోరం చూశాం. రెండూ మన పిల్లలు తిరిగే దారిలోనే. ఆ సుత్తి లేకపోతే డ్రైవరును అడుగుతాను. మా అమ్మాయి సిగ్గుపడి కిటికీవైపు తిరుగుతుంది. తిరగనీ!

సరే, అసలు ప్రశ్నకు వద్దాం. ఆ ఆదివారం స్టేషనుకు నడుస్తూ చివరికి చెప్పాను. "జనం ఉండే పెట్టె చూసి ఎక్కు. మధ్యలో దొరికితే మధ్యలో ఎక్కు. కానీ ఆడవాళ్ళ తోడు కావాలనిపిస్తే ఆ పెట్టే ఎక్కు. వాకిట్లో నిలబడొద్దు. ఎవరైనా ఇబ్బంది పెడితే 139కి ఫోను చెయ్యి. ఏ పెట్టె ఎక్కినా నిన్ను క్షేమంగా దింపేది వాళ్ళ బాధ్యత, నీ అదృష్టం కాదు."

"ఇంత పెద్ద జవాబా అమ్మా!" అని నవ్వి బండెక్కింది. మధ్య పెట్టెలో కిటికీ పక్కన ఓ పెద్దావిడ జరిగి చోటిచ్చింది. బండి కదిలేలోపే ఆవిడ చేతిలో ఓళిగ ఉంది!

తిరిగొస్తూంటే ఒక మలుపులో వీధి దీపం వెలగడం లేదు. మావారు నా చెయ్యి పట్టుకుని గుంత దాటించారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, నోటుపుస్తకం వెనక పేజీ తిప్పి రాశాను: స్టేషను దారి, రెండో మలుపు, దీపం లేదు, ఆదివారం, రాత్రి 7-20.

అది రాసి, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పది దాటాక మోగింది.

"దిగినానమ్మా."